ఏప్రిల్‌లో వేసిన అంచనా

మా బాబాయ్ 2024 సెప్టెంబరు నెలాఖరులో పోయారు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్స్ చూసుకునేవారు. ఆ నెల జీతం బ్యాంకులో పడిన మర్నాడే గుండెపోటు వచ్చింది. దినకర్మలు అయ్యాయి. చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఇంట్లో పిన్నీ, ఇంటర్ చదువుతున్న పిల్లా మిగిలారు.

మరుసటి జూన్‌లో కంపెనీ నుంచి ఒక కవరు వచ్చింది. అందులో జీతం, కట్ అయిన పన్ను చూపే ఫారం 16 ఉంది. పిన్ని దాన్ని విప్పి చూసి, బాబాయ్ చేతి గడియారం దాచిన బీరువా అరలోనే పెట్టేసింది. డిసెంబరులో నేను వెళ్లినప్పుడు ఎల్‌ఐసీ బాండు కోసం వెతుకుతుంటే అది బయటపడింది.

"బాబాయ్ పేరున రిటర్న్ వేశారా పిన్నీ?"

"పన్ను కాగితమే కదా నాన్నా. వాళ్లు పట్టుకోవాల్సింది పట్టేసుకున్నారుగా. మనిషే లేకపోయాక ఆయన పేరు మీద ఇంకేం వేస్తాం?"

కాగితం చేతిలోకి తీసుకుని చదివాను. నెల జీతం 1,20,000. ఆరు నెలలకు 7,20,000. జీతంలోంచి ముందే కట్ అయిన పన్ను, అంటే టీడీఎస్, 58,760. జీతగాళ్లకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 6,45,000. వేరే ఆదాయమేమీ లేదు. ఆ ఏడాది కొత్త పన్ను పద్ధతిలో ఆదాయం 7 లక్షలు దాటకపోతే రిబేటు వర్తించి పన్ను సున్నా అయ్యేది. అంటే బాబాయ్ కట్టాల్సిన పన్ను ఒక్క రూపాయి కూడా లేదు. కట్టినదంతా వెనక్కి రావాల్సిన డబ్బే.

పిన్ని వారసురాలిగా నమోదై, డిసెంబరు 31 లోగా రిటర్న్ వేసింది. గడువు దాటాక వేసినందుకు 5,000 ఆలస్య రుసుం పోయింది. మిగతా 53,760 వచ్చింది. ఆ కవరు జూన్‌లో వచ్చినప్పుడే ఎవరైనా ఆమె పక్కన కూర్చుని ఉంటే ఆ అయిదు వేలూ మిగిలేవి. ఈ అధ్యాయం అలా పక్కన కూర్చోవడానికే రాస్తున్నాను.

మీ జీవితం మీద ఒక అంచనా ఉంది

జీతం ఇచ్చే సంస్థ మీ పన్నును నెలనెలా విడివిడిగా లెక్కగట్టదు. ఏప్రిల్‌లో కూర్చుని, ఈ మనిషి మార్చి దాకా ఇదే జీతం మీద ఇక్కడే పనిచేస్తాడని అనుకుంటుంది. ఏడాది మొత్తానికి ఎంత పన్ను పడుతుందో లెక్కవేసి, పన్నెండు భాగాలు చేసి, నెలకొక భాగం కట్ చేస్తుంది. బాబాయ్ విషయంలో ఏడాదికి 14,40,000 జీతమని అంచనా వేశారు. దానిమీద పన్ను, సెస్సు కలిపి 1,17,520. అందులో ఆరు నెలల వాటా 58,760. ఆయన బతకని ఆరు నెలలను కూడా లెక్కలో చేర్చి కట్ చేసిన పన్ను అది.

ఇందులో కంపెనీ తప్పు లేదు, పన్ను శాఖ తప్పూ లేదు. ఏప్రిల్‌లో అందరూ అనుకున్న సంవత్సరం ఒకటి, మనకు జరిగిన సంవత్సరం ఇంకొకటి. ఉద్యోగం పోతుంది. బిడ్డ పుట్టాక జీతం లేని సెలవు పెడతాం. దుబాయ్ నుంచి శాశ్వతంగా వచ్చేస్తాం. రిటైరవుతాం. మనిషి పోతాడు. ఈ కబుర్లేవీ పన్ను లెక్కకు వాటంతట అవి చేరవు. చేరేసే కాగితం ఒక్కటే, మనం వేసే రిటర్న్. నేను చెప్పదలచుకున్నది ఇదే: బతుకు మలుపు తిరిగిన ఏడాది, మిగతా ఏ ఏడాదికన్నా జాగ్రత్తగా రిటర్న్ వేయాలి. మనం సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేస్తాం. కష్టం వచ్చిన ఏడాదే కాగితాలను బీరువాలో పెట్టేస్తాం.

రిబేటు, రీఫండ్: రెండూ తెలిసుండాలి

చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. రిబేటు అంటే పన్నులో మాఫీ. లెక్క ప్రకారం పన్ను పడుతుంది, కానీ ఆదాయం ఒక హద్దులో ఉంటే ప్రభుత్వం ఆ పన్నును వదిలేస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 87ఏ సెక్షన్. 2013 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది. రీఫండ్ అంటే ముందే కట్ అయిన డబ్బు తిరిగి మన ఖాతాలో పడటం. ఆదాయం తగ్గిన ఏడాది మొదటిది వర్తిస్తే, దాని వెనకే రెండోది రావాలి.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో ఆదాయం 12 లక్షల వరకు ఉంటే 60,000 దాకా రిబేటు ఉంది. జీతం మీద బతికేవారికి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలుపుకుంటే 12,75,000 దాకా పన్ను లేదు. పాత పద్ధతిలో ఆ హద్దు 5 లక్షలు, రిబేటు 12,500. రెండు పద్ధతుల్లోనూ ఇది దేశంలో నివాసి అయిన వ్యక్తికే, ఎన్నారైలకు లేదు. షేర్ల లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయం మీద పడే పన్నుకు కొత్త పద్ధతిలో ఈ రిబేటు వర్తించదు.

ఒక లెక్క చూద్దాం. నెలకు 1,50,000 జీతమున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అనుకోండి. ఏడాదికి 18 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ పోను 17,25,000. దాని మీద సెస్సుతో కలిపి పన్ను 1,50,800. నెలకు దాదాపు 12,567 కట్ అవుతూ వచ్చింది. అక్టోబరు చివర కంపెనీ ఆయన్ని తీసేసింది. మార్చి దాకా మళ్లీ ఉద్యోగం దొరకలేదు. ఏడు నెలల జీతం 10,50,000. డిడక్షన్ పోను 9,75,000. ఇది 12 లక్షల లోపే, కాబట్టి పన్ను సున్నా. కట్ అయినదేమో దాదాపు 88,000. చివరి సెటిల్‌మెంటు సమయంలో కంపెనీ లెక్క సరిచేసి కొంత ఇచ్చి ఉండవచ్చు. నోటీసు జీతం, బ్యాంకు వడ్డీ లాంటివి ఆదాయంలో కలుస్తాయి. అవన్నీ చూశాక కూడా చాలామందికి ఒక పెద్ద మొత్తం మిగులుతుంది. ఉద్యోగం లేని ఇంట్లో ఆ డబ్బు రెండు మూడు నెలల అద్దె, పిల్లల ఫీజు.

మనసులో అడ్డుపడే మూడు మాటలు

"పోయిందేదో పోయింది." దుఃఖంలో ఉన్నప్పుడు ఈ మాట ఓదార్పులాగా వినిపిస్తుంది. పిన్ని కూడా ఇదే అంది. పోయిన మనిషి పేరున అంకెలు వేయడానికి ఆమెకు చేయి ఆడలేదు. నేను బలవంతపెట్టలేదు. ఒక్క విషయం అడిగాను: "ఈ డబ్బు బాబాయ్ కష్టం. ఆయన ఉంటే వదిలేసేవారా?" ఆయన రేషన్ కార్డులో ఒక అక్షరం తప్పు పడితే నాలుగుసార్లు తిరిగి దిద్దించుకున్న మనిషి. ఆమె లేచి వెళ్లి ఆయన ప్యాన్ కార్డు తెచ్చింది.

"డిపార్టుమెంటు జోలికి ఎందుకు, నోటీసులొస్తాయి." ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడు భయపడాల్సిన పని లేదు. మీ టీడీఎస్ ఎంత, బ్యాంకు వడ్డీ ఎంత అన్నది పన్ను శాఖ దగ్గర ముందే ఉంది. మీరు మౌనంగా ఉన్నంత మాత్రాన ఆ వివరాలు చెరిగిపోవు.

"ఇంత చిన్న మొత్తానికి ఎవరు కష్టపడతారు?" చిన్నదో పెద్దదో చూడకుండానే ఈ మాట అనేస్తాం. ముందు మొత్తం ఎంతో చూడండి. ఆ తర్వాత వదిలేయాలనుకుంటే అది మీ ఇష్టం. చూడకుండా వదిలేస్తే దాన్ని నిర్ణయం అనలేం.

మార్పును బట్టి చూసుకోవాల్సినవి

*ఉద్యోగం పోయినా, మానేసినా.* పైన చెప్పిన లెక్కే. దాంతోపాటు పీఎఫ్ కూడా చూసుకోండి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా 50,000 దాటిన మొత్తం తీస్తే 10 శాతం టీడీఎస్ కట్ అవుతుంది. అనారోగ్యం వల్లో, సంస్థ మూతపడటం వల్లో, మీ చేతిలో లేని ఇంకో కారణం వల్లో ఉద్యోగం పోయి ఉంటే ఆ మొత్తానికి పన్ను మినహాయింపు ఉంది. కారణాన్ని చూపే లేఖను భద్రపరచుకోండి.

*ఉద్యోగం మారితే.* ఇక్కడ లెక్క ఎదురు తిరుగుతుంది. పాత కంపెనీ జీతం సంగతి కొత్త కంపెనీకి చెప్పకపోతే రెండు చోట్లా స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తారు, రెండు చోట్లా తక్కువ స్లాబు నుంచే మొదలుపెడతారు. చివర్లో పన్ను తక్కువ కట్ అయి, మనమే జేబులోంచి కట్టాల్సి వస్తుంది. చేరిన వారంలోనే పాత జీతం, టీడీఎస్ వివరాలు కొత్త హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. మార్పు జరిగిన ప్రతి ఏడాదీ డబ్బు వెనక్కి రాదు. కానీ ప్రతి మార్పుకూ లెక్క చూసుకోవాలి.

*బకాయిలు ఒకేసారి వస్తే.* మన రెండు రాష్ట్రాల్లో టీచర్లకు, గుమాస్తాలకు, పెన్షనర్లకు ఇది కొత్త కాదు. పీఆర్‌సీ బకాయిలు, డీఏ అరియర్లు మూడు నాలుగేళ్లవి కలిపి ఒక నెలలో పడతాయి. ఆ ఏడాది ఆదాయం ఉబ్బి, పై స్లాబులోకి పోతుంది. ఆ డబ్బు ఏ సంవత్సరాలకు చెందిందో ఆ సంవత్సరాల్లో కలిపి చూసి, ఎక్కువ పడిన పన్నును తగ్గించుకునే వీలు 89వ సెక్షన్‌లో ఉంది. రిటర్న్ వేయకముందే ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో సమర్పించాలి. రిటర్న్‌లో ఊరట అడిగి ఈ ఫారం మరిచిపోయినవారికి ఆ ఊరట ఇవ్వరు. మా ఊరి హెడ్మాస్టరు ఒకాయన అన్నీ సరిగ్గా వేసి దీన్నొక్కటీ మరిచిపోయారు. ఆ ఫారం నింపడానికి కావాల్సింది సంవత్సరాలవారీగా బకాయిల పట్టిక. దాన్ని డీడీవో దగ్గర అడిగి తీసుకోండి.

*గల్ఫ్ నుంచి తిరిగి వచ్చేస్తే.* కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు ఇళ్లలో ఈ మాట చాలామందికి పనికొస్తుంది. ఎన్‌ఆర్‌వో డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, పైన సెస్సు కలిపి 31.2 శాతం కట్ చేస్తుంది. 2025 జూలైలో దుబాయ్ నుంచి వచ్చేసి ఇక్కడే ఉండిపోయిన మనిషి ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు మించి దేశంలో ఉంటాడు కాబట్టి నివాసి అవుతాడు. ఏడాదికి 5 లక్షల వడ్డీ వస్తే బ్యాంకు 1,56,000 కట్ చేసి ఉంటుంది. ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే రిబేటుతో ఆయన పన్ను సున్నా. మొత్తం వెనక్కి అడగవచ్చు. ఏళ్ల తరబడి బయట ఉండి వచ్చినవారికి కొన్నాళ్లు 'నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్' హోదా ఉంటుంది. వారు సులువైన ఐటీఆర్-1 కాక ఐటీఆర్-2 వేయాలి. అక్కడ సంపాదించిన జీతం సంగతి ఆ హోదాను బట్టే తేలుతుంది కనుక ఈ ఒక్క ఏడాదికి ఆడిటరు సాయం తీసుకోవడం మంచిది. పాస్‌పోర్టులోని ముద్రల పేజీలు జిరాక్స్ తీసి పెట్టుకోండి. బ్యాంకుకు వెళ్లి ఖాతాను నివాసి ఖాతాగా మార్పించుకోండి. లేకపోతే వచ్చే ఏడాదీ ఇదే కోత.

*రిటైరైతే, అరవై దాటితే.* జీతం ఆగిపోతుంది, డిపాజిట్ల వడ్డీ మొదలవుతుంది. 2025 ఏప్రిల్ నుంచి 60 ఏళ్లు నిండినవారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 1,00,000 దాటితేనే టీడీఎస్, మిగతావారికి 50,000. ఏడాది మొత్తం మీద పన్ను పడదని తేలితే పెద్దవాళ్లు ఏప్రిల్‌లోనే టీడీఎస్ వద్దని బ్యాంకుకు ప్రకటన (2025-26 వరకు ఫారం 15హెచ్) ఇస్తే కోతే ఉండదు. అరవై లోపువారికీ అలాంటి ప్రకటన (2025-26 వరకు 15జీ) ఉంది. పన్ను సున్నా అవ్వడంతోపాటు వారి వడ్డీ మొత్తం కూడా ప్రాథమిక మినహాయింపు పరిమితిని దాటకూడదు. డిపాజిట్ ఉన్న ప్రతి బ్యాంకులోనూ, ప్రతి ఏడాదీ ఇవ్వాలి. ముందే ఆపుకోగలిగినదాన్ని తర్వాత వెనక్కి అడగడమెందుకు?

*ఇంట్లో ఒకరికి వైకల్యం వస్తే.* పక్షవాతమో ప్రమాదమో ఇంటిని తలకిందులు చేశాక పన్ను సంగతి ఎవరికి గుర్తుంటుంది? పాత పద్ధతిలో, మీ మీద ఆధారపడిన వికలాంగుల కోసం 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది. తనకే వైకల్యం ఉన్నవారికీ అంతే. దీనికి ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రం కావాలి. మన దగ్గర సదరం శిబిరంలో ఇచ్చేది అలాంటిదే. అయితే పాత పద్ధతిని ఎంచుకోవాలంటే గడువులోగా రిటర్న్ వేయాలి. గడువు దాటితే కొత్త పద్ధతే మిగులుతుంది, ఈ మినహాయింపు చేజారుతుంది.

*మనిషి పోతే.* ఏప్రిల్ 1 నుంచి పోయిన రోజు వరకు వచ్చిన ఆదాయానికి వారి పేరున వారసులు రిటర్న్ వేయాలి. ఆ తర్వాత వచ్చే వడ్డీ, అద్దె వారసుల లెక్కలోకి వెళ్తాయి. పోర్టల్‌లో చట్టబద్ధ వారసులుగా నమోదు చేసుకోవడానికి మరణ ధ్రువపత్రం, ఇద్దరి ప్యాన్ కార్డులు, వారసత్వాన్ని చూపే పత్రం కావాలి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నమోదుకు ఆమోదం రావడానికి కొన్ని రోజులు పడుతుంది, చివరి వారం దాకా ఆగొద్దు. రీఫండ్ ఏ ఖాతాలో పడాలో తేల్చుకునేదాకా పోయినవారి ఖాతాను హడావుడిగా మూసేయకండి. కుటుంబ పెన్షన్ వస్తుంటే దాన్ని జీతం కింద కాక 'ఇతర ఆదాయం' కింద చూపాలి. కొత్త పద్ధతిలో అందులో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది మినహాయింపు.

కాగితాలు, వాటి వరస

ఒక ఫైలు తీసుకోండి. మొదటి పేజీ మీద మార్పు జరిగిన తేదీ రాయండి. రాజీనామా లేఖ, తొలగింపు లేఖ, విమానం టికెట్, మరణ ధ్రువపత్రం, ఏదైతే అది దాని వెనక పెట్టండి.

తర్వాత, ఆ ఏడాది పనిచేసిన ప్రతి చోటి నుంచీ ఫారం 16. జూన్ 15 లోగా సంస్థ ఇవ్వాలి. మానేసిన కంపెనీని అడగడానికి మొహమాటపడొద్దు, ఇవ్వడం వాళ్ల బాధ్యత. బ్యాంకుల నుంచి ఫారం 16ఏ. చివర ఇన్‌కంట్యాక్స్ పోర్టల్‌లో లాగిన్ అయి 26ఏఎస్, ఏఐఎస్ అనే రెండు పట్టికలు దించుకోండి. మీ ప్యాన్ మీద ఎవరెవరు ఎంత కట్ చేసి ప్రభుత్వానికి జమ చేశారో మొదటి దానిలో ఉంటుంది. వడ్డీ, డివిడెండు, షేర్ల లావాదేవీలు రెండో దానిలో ఉంటాయి.

పేస్లిప్పులో కట్ అయినట్టు ఉండి 26ఏఎస్‌లో కనపడకపోతే, కట్ చేసినవారు జమ చేయలేదనో, ప్యాన్ తప్పు వేశారనో అర్థం. ముందు వారికి ఈమెయిల్ రాసి సరిచేయించండి. నోటి మాటగా అడిగి ఊరుకోకండి.

పోర్టల్‌లోనే పన్ను లెక్కించే కాలిక్యులేటర్ ఉంది. పాత పద్ధతిలో ఒకసారి, కొత్త పద్ధతిలో ఒకసారి వేసి చూడండి. వ్యాపార ఆదాయం లేనివారు ఏటా తమకు నచ్చినదాన్ని ఎంచుకోవచ్చు. కిందటేడు పాతది లాభమైందని ఈ ఏడాదీ అదే మంచిదని అనుకోవద్దు. ఆదాయం తగ్గిన ఏడాది లెక్క తారుమారవుతుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. 2025-26 ఆదాయానికి పాత చట్టం నంబర్లే. ఆ పై సంవత్సరాలకు నంబరు వేరుగా కనిపిస్తే కంగారుపడకండి, చేయాల్సిన పని వరస ఇదే.

ఇల్లలకగానే పండగ కాదు

రిటర్న్ సమర్పించగానే చాలామంది అయిపోయిందనుకుంటారు. 30 రోజుల్లోగా దాన్ని ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీతో నిమిషం పని. లేదా ఐటీఆర్-వి మీద సంతకం చేసి బెంగళూరులోని సీపీసీకి పోస్టులో పంపాలి. ధ్రువీకరించని రిటర్న్ వేయనట్టే లెక్క.

రీఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేయించాలి. ఖాతాలో పేరు, ప్యాన్‌లో పేరు ఒకటిగా ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు ఒకచోట మార్చుకుని, మరోచోట వదిలేసిన ఆడపిల్లల రీఫండ్లు ఇక్కడే చిక్కుకుంటాయి. ప్యాన్, ఆధార్ అనుసంధానం కాకపోతే ప్యాన్ పనిచేయదు, రీఫండూ రాదు.

బెంగళూరు సీపీసీ లెక్క చూశాక ఇంటిమేషన్ పంపుతుంది. మీరు వేసిన అంకెలు ఒక వరసలో, వారు తేల్చినవి పక్క వరసలో ఉంటాయి. రెండూ పోల్చి చదవండి. పాత బకాయి ఏదైనా ఉంటే అందులోకి సర్దుతామని ముందుగా తెలియజేస్తారు. జవాబుకు 21 రోజులు ఇస్తారు. అది మీరు ఒప్పుకోని బకాయి అయితే ఆ గడువులోనే కాదని చెప్పాలి. బ్యాంకు తప్పు వల్ల డబ్బు తిరిగిపోతే పోర్టల్‌లోనే రీఫండ్ రీఇష్యూ అడగవచ్చు.

గడువులోగా వేసినవారికి టీడీఎస్ రీఫండ్ మీద ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ కూడా ఇస్తారు. ఆలస్యంగా వేస్తే వేసిన రోజు నుంచే. రావాల్సిన మొత్తం అసలు పన్నులో పదో వంతు కూడా లేకపోతే వడ్డీ ఉండదు. వచ్చిన వడ్డీని మరుసటి రిటర్న్‌లో ఆదాయంగా చూపాలి.

ఆలస్యమైతే

జీతం, పెన్షన్ మీద బతికేవారికి గడువు మామూలుగా జూలై 31. అది దాటినా డిసెంబరు 31 వరకు వేయవచ్చు. ఆదాయం 5 లక్షల లోపైతే రుసుం 1,000, ఆ పైన 5,000.

డిసెంబరు కూడా దాటితే చాలామందికి అప్‌డేటెడ్ రిటర్న్ గుర్తొస్తుంది. అది పన్ను కట్టడానికే తప్ప రీఫండ్ అడగడానికి పనికిరాదు. మిగిలిన దారి ఆలస్య మన్నింపు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన నాటి నుంచి అయిదేళ్లలోపు, ఎందుకు వేయలేకపోయారో రాసి కమిషనరుకు దరఖాస్తు పెట్టవచ్చు. కోటి రూపాయల లోపు మొత్తాలను ఆ స్థాయిలోనే తేలుస్తారు. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలి. ఇక్కడ మీ కష్టమే మీ ఆధారం. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మరణ ధ్రువపత్రం, తేదీలతో ఒక పేజీ వివరణ జతచేయండి. జాలి మాటలు వద్దు, ఏ తేదీన ఏం జరిగిందో వరసగా రాస్తే చాలు.

అడ్డదారి చూపేవాళ్లు

కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి ముందు వచ్చేది కమిషన్ ఏజెంటు. "మీకు రావాల్సింది 20 వేలే, నేను లక్ష తెప్పిస్తా, అందులో నా వాటా ఇవ్వండి" అంటాడు. కట్టని అద్దె, ఇవ్వని విరాళం, లేని జబ్బు రాసేస్తాడు. ఇలాంటి దొంగ క్లెయిముల మీద 2025 జూలై 14న పన్ను శాఖ దేశంలో పలుచోట్ల ఒకేసారి తనిఖీలు చేసింది. కొందరు ఏజెంట్లు తాత్కాలిక ఈమెయిల్ ఐడీలు పెట్టి వందల రిటర్న్‌లు వేసి ఆ ఐడీలను వదిలేయడంతో, శాఖ పంపిన నోటీసులు అసలు మనిషి కంట పడనే లేదు. ఎవరి చేత వేయించుకున్నా పోర్టల్‌లో మీ సొంత ఫోన్ నంబరు, మీ సొంత ఈమెయిలే ఉండాలి. సంతకం మీదైతే తప్పు కూడా మీదే అవుతుంది.

"మీ రీఫండ్ మంజూరైంది, ఇక్కడ నొక్కండి" అనే మెసేజ్ వస్తే నొక్కకండి. పన్ను శాఖ మీ ఏటీఎం పిన్ను, బ్యాంకు ఓటీపీ అడగదు. పోర్టల్ చిరునామా మీరే టైపు చేసి లోపలికి వెళ్లి చూడండి.

ఈ ఆదివారం చేయండి

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

1. కిందటి ఏప్రిల్ నుంచి మా ఇంట్లో జీతం, ఊరు, ఆరోగ్యం, వయసు, మనుషుల సంఖ్య, వీటిలో ఏది మారింది? ఏ తేదీన?

2. ఆ మార్పు జీతమిచ్చేవారికీ, ప్రతి బ్యాంకుకూ నేను చెప్పానా?

3. 26ఏఎస్‌లో నా ప్యాన్ మీద కట్ అయిన మొత్తం ఎంత? నిజంగా పడాల్సిన పన్ను ఎంత?

మూడో ప్రశ్నలో మొదటి అంకె రెండో దానికన్నా పెద్దదైతే, ఆ తేడా మీ డబ్బు. ఇంట్లో ఎవరికైనా ఈ మధ్య కష్టం వచ్చి ఉంటే ఈ కాగితం వాళ్ల చేతికివ్వకండి. వాళ్ల పక్కన కూర్చుని మీరే రాయండి.

రీఫండ్ పడిన రోజు పిన్ని ఫోన్ చేసింది. పిల్ల ఈఏపీసెట్ కోచింగ్ ఫీజు రెండో వాయిదాకు సరిపోయిందని చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. మొన్న ఏప్రిల్‌లో మళ్లీ ఫోన్. బ్యాంకు నుంచే చేస్తోంది. బీమా డబ్బుతో తన పేరున వేసుకున్న డిపాజిట్ వడ్డీ మీద టీడీఎస్ వద్దని ప్రకటన ఇస్తోందట. "ఈ ఏడాది అంచనా ఆదాయం ఎంత అని అడుగుతున్నారు నాన్నా. నేను రాసుకొచ్చాను. ఒకసారి చదువుతా, సరిగ్గా ఉందేమో విను."

విన్నాను. సరిగ్గానే ఉంది.